మూడు గంటల నలభై నిమిషాలు

రాజవ్వకు దూరమంటే మారాల్సిన బస్సుల లెక్క. కిలోమీటర్లు చెబితే ఆమె చెవికెక్కేవి కావు. అత్తగారిల్లు కోరుట్ల, పుట్టినూరు సిరిసిల్ల. ఈ రెంటికీ నడుమ రెండు బస్సులు, వేములవాడలో దిగి మారాలి. రక్తం కడిగించుకోవడానికి వారానికి రెండుసార్లు పోయే జగిత్యాలకు ఒక్కటే బస్సు. తమ్ముడు సంపత్ ఉన్నచోటు మాత్రం ఈ లెక్కకు అందేది కాదు. ఒమాన్ దేశంలో ఎడారి నడిమధ్య మర్మూల్ అనే చోట, చమురు బావుల దగ్గర క్యాంపులో పనిచేస్తున్నాడని తెలుసు, అంతే. "గాలిమోటరు ఎక్కినంక ఇగ నాకు లెక్క దొరకది. అది ఎటు తిరిగి పోతదో, ఏడ ఆగుతదో" అనేది.

సంపత్ ఆమెకు పేరుకే తమ్ముడు. తల్లి జ్వరంతో పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు, రాజవ్వకు లంగా ఓణీ వయసు కూడా రాలేదు. తండ్రి రామస్వామికి సిరిసిల్లలో సాంచల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద, రాత్రి పాళీ. పొద్దున వచ్చి పడుకుంటే చప్పుడు కాకుండా పిల్లవాణ్ని చంకనేసుకుని వీధంతా తిరిగేది. బీడీలు చేయడం నేర్చుకున్నది కూడా వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకునే. కోరుట్ల బట్టల దుకాణంలో గుడ్డ కొలిచే ఆగయ్యతో పెళ్లి కుదిరినప్పుడు ఆమె అడిగింది ఒకే ఒక్కటి, తమ్ముణ్ని వెంట తెచ్చుకుంటానని. ఆగయ్య సరేనన్నాడు. కొత్త పెళ్లికూతురు చెయ్యి పట్టుకుని ఒక పిలగాడు దిగేసరికి కోరుట్ల వాడకట్టులో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారట. "లగ్గం నాడే కొడుకును ఎత్తుకున్నోన్ని మా వాడకట్టుల నేనొక్కన్నే" అని ఆగయ్య ఇప్పటికీ నవ్వుతాడు. వాళ్లకు తర్వాత పిల్లలు కలగలేదు. కలగలేదని రాజవ్వ బాధపడగా చూసినవాళ్లు కూడా లేరు.

సంపత్ పెద్దవాడై సిరిసిల్ల పోయి తండ్రి సాంచల మీదే పనికి కుదిరాడు. రాధను చేసుకున్నాడు. సాంచలకు పని తగ్గింది, ఆరేళ్ల కింద వాడు విమానమెక్కాడు, ఆ తర్వాత రెండేళ్లకు తండ్రి పోయాడు. రాజవ్వ కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక, బిడ్డను గురుకులం హాస్టల్లో వేసి రాధ కోరుట్లకు వచ్చేసింది. ఆడబిడ్డను జగిత్యాల తీసుకుపోవడం, ఉప్పులేని కూర వండడం, నీళ్లు ఎక్కువ తాగకుండా చూడడం, అన్నీ ఆమే. ఆ ఇంట్లో టచ్ ఫోన్ పట్టడం వచ్చినదీ ఆమెకే. చదువు ఐదో తరగతి దాటలేదు కానీ, నోటితో అడిగితే ఫోనే తెలుగులో జవాబు చెబుతుందని నేర్చుకుంది. బస్సు ఎప్పుడుందో, వాన ఎప్పుడొస్తుందో అడిగి చెప్పేది. ఆగయ్యకు, రాజవ్వకు అదొక పెద్ద విద్య.

ఆ ఆదివారం పొద్దున రాజవ్వ వాకిట్లో ఎండలో గోడకానుకుని కూర్చుంది. కాళ్లు వాచి మెట్టెలు వేళ్లలోకి దిగబడ్డాయి. పక్కింటి పోచవ్వ చాట ఒళ్లో పెట్టుకుని అక్కడికే వచ్చి బీడీలు చేస్తోంది. రాధ తునికాకు కత్తిరిస్తోంది.

"పిల్లా, తమ్మునికి ఫోన్ చేసి రమ్మను," అంది రాజవ్వ.

"ఏంది వదినె, గిప్పటికిప్పుడు?"

"మీరిద్దరు నాకు ఒడిబియ్యం పోయాలె. వాడు దేశం పోక ముందు పోసిండ్రు, గంతే. మొదటిసారి అచ్చినప్పుడు మా నాయిన పోయిన ఏడాది, అంటు. మలిసారి అచ్చి అచ్చినట్టే పాయె. ఇగ నాకు ఎప్పుడు పోస్తరు?"

పెళ్లయిన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పుట్టింటివాళ్లు ఆమె ఒడిలో పోస్తారు. తల్లీతండ్రీ లేకపోతే అన్నో తమ్ముడో భార్యతో కలిసి పోయాలి. ఒక్కరు పోస్తే చెల్లదు. అది పోసినన్నాళ్లు ఆ ఆడమనిషికి పుట్టిల్లు ఉన్నట్టు లెక్క. రాజవ్వకు పుట్టిల్లంటే సంపత్ ఒక్కడే.

"రాంగనే పోస్తం వదినె," అంది రాధ. "ఈ నెలాఖరుకు రెండేండ్ల అగ్రిమెంటు అయిపోతది. రెండు నెలల సెలవు మీద అస్తడు. నడిమిట్ల అస్తె పది దినాలే ఇస్తరు, పెద్ద సెలవు పోతది."

"నెలాఖరు దాక నేనుండద్దా మరి?" కూరగాయల బేరం మాట్లాడినంత మామూలుగా అంది రాజవ్వ.

"నువ్వు యాడికి పోతవే?" అంది పోచవ్వ తల ఎత్తకుండానే. "జగిత్యాల బస్సు నిన్ను ఇడిచిపెడితె గద."

రాజవ్వ నవ్వింది కానీ మాట వదల్లేదు. రాధకు కాదనాలని లేదు. రెండు నెలల సెలవు పోగొట్టుకోవాలనీ లేదు. రెండేళ్లుగా ఆ రెండు నెలల కోసమే ఎదురుచూస్తోంది. ఏ తోవా తోచక ఫోన్ చేతిలోకి తీసుకుంది. జగిత్యాలకు దగ్గర విమానాశ్రయం ఏదని అడిగింది. రామగుండం, బసంత్‌నగర్ అంది ఫోన్.

"బసంత్‌నగర్ల గాలిమోటర్లు ఏడియే?" అంది పోచవ్వ. "గది ఎన్నడో బందాయె. గిప్పుడు అడుగుపెడితె బర్లు ఎదురస్తయి."

"దిగయని నాకు ఎరుకనే అత్తా. దూరం కోసం అడుగుతున్న. హైదరాబాద్ అయినా ఓ పావుగంట అటిటు, అంతే గద." రాధ ఫోన్‌ను నోటి దగ్గరకు తెచ్చుకుని, మర్మూల్ నుంచి రామగుండానికి విమానంలో ఎంతసేపని అడిగింది.

ఫోన్‌లోని ఆడగొంతు తడబడకుండా చెప్పింది. దూరం సుమారు రెండువేల ఐదువందల యాభై కిలోమీటర్లు. ప్రయాణ సమయం సుమారు మూడు గంటల నలభై నిమిషాలు.

"ఎంతన్నదే అది?"

"మూడు గంటల నలభై నిమిషాలు, వదినె."

"మల్లొక్కపారి అడుగు."

రాధ మళ్లీ అడిగింది. అదే గొంతు, అదే జవాబు.  రాజవ్వ చీర కొంగుతో మూతి తుడుచుకుని, "వేములవాడల బస్సు దొరకకపోతె నాకు సిరిసిల్లకే గంత పడతది," అంది. "అంటె వాడు గింత దగ్గరున్నడా? ఆరేండ్ల సంది నేను వాడు యాడనో ఉన్నడనుకుంటున్న."

ఎడారిలోని ఆ చిన్న విమానాశ్రయానికీ గడ్డి మొలిచిన బసంత్‌నగర్‌కూ నడుమ తాడు లాగినట్టు ఎగిరిపోతే పట్టే సమయం అది. అట్లా ఎగిరే విమానం ఒక్కటీ లేదని ఫోన్ చెప్పలేదు. రాధ అడగలేదు.

ఆమెకు ఆ మాట ఒక వీలులాగా దొరికింది. "ఇప్పుడే ఆగమాగం ఎందుకు వదినె? శుక్రారం మంచిగున్నదేమో ఆగయ్యన్న కాలండర్ల చూస్తడు. బుధారం చెప్తె చాలు. ఆయన బేస్తారం సెలవడిగి, శుక్రారం పొద్దుగాల ఎక్కితె పగటి బువ్వకు ఈడుంటడు. నీకు బియ్యం పోసి రెండొద్దులుండి పోతడు. పని ఎక్కువ దినాలు ఇడిచిపెట్టడు కాబట్టి పెద్ద సెలవు కూడా అట్లనే ఉంటది."

"గంతే మరి," అంది రాజవ్వ. "గింత దగ్గరున్నోన్ని ముందుగాల పిలిచి కూసోబెట్టుకునుడెందుకు?"

ఆ రోజు నుంచి వాడకట్టులో ఎవరు కనిపించినా ఆపి ఇదే చెప్పింది. పాలు పోసేవాడికి చెప్పింది. మంగళవారం జగిత్యాలలో పక్క మంచం మీద రక్తం కడిగించుకుంటున్న కొడిమ్యాల ముసలామెకు చెప్పింది. "మా తమ్ముడు దూరం లేడు. మూడు గంటల నలభై నిమిషాలే." నలభై నిమిషాలు అనే దగ్గర గొంతు కొంచెం పెంచేది, అదేదో తాను కొలిచి తెచ్చినట్టు.

బుధవారం మాపున రాధ ఫోన్ చేసింది. అవతల గాలి హోరు.

"శుక్రారానికా?" అన్నాడు సంపత్. "అక్క ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఒడిబియ్యం పోయించుకుంట అంటున్నది. పట్టువట్టింది."

"ఆఫీసుల అడుగుత. కాని రాధా, శుక్రారం అంటె..." అని అతనేదో మొదలుపెట్టాడు. లైన్ తెగింది. మళ్లీ కలవలేదు. ఆ క్యాంపులో సిగ్నల్ అట్లాగే వచ్చిపోతుంటుంది కాబట్టి రాధ పట్టించుకోలేదు.

గురువారం పొద్దుగూకేటప్పుడు ఫోన్‌లో అతని గొంతు వచ్చి పడింది. "రాధా, బయలెల్లిన. అక్కకు చెప్పు." అంతే. రాజవ్వ ఆ గొంతును మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నది. బయలెల్లినవాడు తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటాడని, పది గంటలకల్లా కోరుట్లలో ఉంటాడని రాధ లెక్క కట్టింది.

మంచిరోజు చూసే తొందరలో ఎవరికీ తట్టని చిక్కు ఒకటుంది. శుక్రవారం రాజవ్వకు జగిత్యాలలో డయాలసిస్ రోజు.

"రేపెట్ల పోతనే?" అంది రాజవ్వ. "వాడు ఇంట్ల అడుగువెట్టే యాళ్లకు నేను మిషన్ మీద పండుకోవాల్నా? ఒక్క దినం. శనారం పోతం."

ఆగయ్య తల గోక్కున్నాడు. "ఒక్కదినం సుత తప్పద్దన్నడు డాక్టర్." అని రాధ వైపు చూశాడు. "ఏమంటవు చెల్లె? నిజంగనే పొద్దుగాల అస్తడా?"

రాధ ఆ చూపును తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది. ఆ ఇంట్లో ఫోన్ తెలిసినదీ, దూరం తెలిసినదీ తానేనని నమ్మి అడిగిన మనిషి. "అస్తడన్నా. బయలెల్లిండు గద," అంది. ఆగయ్య ఆస్పత్రికి ఫోన్ చేసి శనివారం పొద్దుటికి మార్పించాడు.

శుక్రవారం పొద్దున రాధ తలస్నానం చేసి బియ్యంలో పసుపు కలిపింది. నూనె చుక్క వేసి, బియ్యం మెరిసేదాకా అరచేతులతో కలిపింది. కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పళ్లెంలో పేర్చింది. రాజవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని, వాచిన కాళ్లు ముడుచుకోలేక చాచుకుని పీట మీద కూర్చుంది. బియ్యం పడేదాకా ఏమీ తిననంది. పోచవ్వ వచ్చింది, ఇంకో ఇద్దరు ముత్తైదువలు వచ్చారు. పది దాటింది. పన్నెండు దాటింది. సంపత్ ఫోన్ కలవలేదు.

"మూడు గంటలన్నవు, గీడ మూడు పూటలైతున్నయి గదనె," అంది పోచవ్వ. ఎగతాళికే అంది కానీ ఎవరూ నవ్వలేదు.

రెండింటికి ఫోన్ మోగింది. రాధ పెరట్లోకి పరుగెత్తింది.

"ఏడున్నవు? హైదరాబాద్ల దిగినవా?"

"మస్కట్ల ఉన్న. రాత్రంత బస్సుల కూసున్న. తొవ్వల బస్సు కరాబైతె ఇసుకల ఆగినం. గిప్పుడే దిగిన."

"బస్సేంది? నీ క్యాంపు కాడ గాలిమోటరు దిగుతదంటివి. ఫోటో పంపితివి."

"గది పెద్ద సార్లకు రాధా. మా అసోంటోల్లకు బస్సే. అది ఎక్కినా మస్కట్ దాకనే. ఆడికెళ్లి ఇంకొకటి పట్టుకోవాలె. నా పాస్‌పోర్ట్ ఈడ ఆఫీసుల ఉన్నది. ఇయ్యాల శుక్రారం, రేపు శనారం, ఈడోళ్లకు రెండొద్దులు సెలవు. ఒక మలయాళీ సారును బతిమిలాడుకుంటున్న. రేపు మాపటీలికి తీసిస్త అన్నడు. గప్పుడు రాత్రికి టికెట్ దొరకాలె."

మనకు మంచిరోజని ఎంచుకున్న శుక్రవారం అక్కడ ఆఫీసుకు తాళం పడే రోజు. 

"జెర ముందుగాల చెప్పకపోతివి," అన్నాడు సంపత్. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని రాధకు అనిపించింది.

లోపలికి వచ్చేసరికి రాజవ్వ ఆమె ముఖం చూసింది. "ఏమన్నడు?"

"రేపు రాత్రికి గాని గాలిమోటరు ఎక్కలేడట వదినె. కాయితాల పని ఉన్నదట."

"తొవ్వల ఉన్నడు గద?"

"ఉన్నడు."

"అయితె ఏంది? రేపు కూసుంట."

ఆగయ్య గొంతు సవరించుకున్నాడు. "వీడియోల వాన్ని కూసోబెట్టుకుని చెల్లెతోని పోయించుకో. నువ్వేమన్న తినాలె."

"ఫోన్లకెళ్లి దోసిలి బయటికస్తదా? వాడు అచ్చినంకనే." రాజవ్వ పీట మీద నుంచి లేచింది. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

నేనొక్కదాన్నే పోస్తాను వదినె, చెల్లితే చెల్లనీ, చెల్లకపోతే పోనీ అనే మాట రాధ నాలుక చివరిదాకా వచ్చింది. ముత్తైదువలు చూస్తున్నారు, ఆచారం కాదంటారని ఆగింది. జగిత్యాలకు ఫోన్ చేస్తే ఈరోజు మంచాలు నిండిపోయాయి, పొద్దున రమ్మన్నారు.

శనివారం తెల్లవారకముందే రాజవ్వకు ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చుంటే తల నిలవడం లేదు. ఆగయ్య కారు తెచ్చాడు. వెనక సీట్లో రాధ ఆమెను తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. కోరుట్ల దాటాక చేన్ల మీద మంచు పలచగా ఉంది. రాజవ్వ కళ్లు మూసుకునే అంది.

"పిల్లా, దాన్ని మల్లొక్కపారి అడుగు."

"దేన్ని వదినె?"

"ఫోన్‌ను. వాడెంత దూరమున్నడో అడుగు."

రాధ ఫోన్ తీసింది. మస్కట్ అని అడగాలో మర్మూల్ అని అడగాలో తెలియలేదు. మొదట అడిగినట్టే అడిగింది. ఆడగొంతు మొదట చెప్పినట్టే చెప్పింది. మూడు గంటల నలభై నిమిషాలు. ముందు సీట్లో ఆగయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఊఁ," అంది రాజవ్వ, సంతృప్తిగా.

మిషన్ మీదికి ఎక్కించే లోపలే గుండె ఆగింది. డాక్టర్ కారణాలు చాలా చెప్పాడు. ఒక్క రోజు తప్పినందుకే అని అతనేమీ అనలేదు. రాధ కూడా అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయపడింది.

ఇంటికి తెచ్చాక చుట్టాలు పొద్దుగూకకముందే శవాన్ని లేపుదామన్నారు. ఆగయ్య జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. "వాడు అచ్చిందాక లేపేది లేదు," అన్నాడు. ఫ్రీజర్ పెట్టె తెప్పించాడు. రాత్రంతా ఆ పెట్టె గుయ్యిమంటూనే ఉంది. రాధ దాని పక్కనే కూర్చుంది. ఐదారు రోజులు రాజవ్వ తమ్ముడు దగ్గర్లోనే ఉన్నాడని పొంగిపోయింది. ఆరేళ్లలో ఆమె అంత నిమ్మళంగా ఉన్న రోజులు రాధ చూడలేదు. ఆ మాట పోచవ్వ అంటే కూడా రాధకు ఊరట కలగలేదు. ఆదివారం పొద్దున ఆ ఫోన్ పక్కనపెట్టి ముందు మనిషిని అడిగి ఉంటే చాలు. అతను వచ్చిపోయే తోవ, అతనికి తెలియదా?

సంపత్ మరునాడు పగలు హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి, చెప్పులు వాకిట్లో విడవడం కూడా మరిచిపోయి లోపలికి నడిచాడు. పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కులపెద్ద రాజేశం అతన్ని పక్కకు తీసుకుపోయి నీళ్లిచ్చాడు.

"ఎన్ని గంటలు పట్టింది కొడుకా?"

"బేస్తారం మాపున ఎక్కిన కాకా. ఇగో, గిప్పుడు దిగుతున్న."

అరుగు మీది ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లందరికీ రాజవ్వ చెప్పిన లెక్క తెలుసు. రాధ తల వంచుకుంది.

ముత్తైదువగా పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు చీర పెట్టి, ఒడి నింపి పంపాలి. రాజవ్వకు స్నానం చేయించి, గోడకు ఆనించి కూర్చోబెట్టి ఎర్రంచు చీర కట్టారు. రాధ కొత్త బియ్యం కలిపింది. బతికున్న ఆడబిడ్డ అయితే తన కొంగు తానే చాచి పట్టుకుంటుంది. ఇప్పుడు ఎవరు పట్టాలని ఆడవాళ్లు తర్జనభర్జన పడుతుంటే, ఆగయ్య వచ్చి భార్య పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొంగు రెండు చివర్లు పట్టుకున్నాడు.

సంపత్ దోసిలి చాచాడు. "ముందు ఏం పోస్తరు?" అని అడిగాడు. ఆరేళ్లలో మరిచిపోయాడు.

"కుడుకలు," అంది రాధ. అతని దోసిలి కింద తన దోసిలి చేర్చింది. కుడుకలు ఒడిలో పడ్డాయి. తర్వాత పోకలు, ఖర్జూరాలు. తర్వాత బియ్యం. ప్రాణం లేని ఒడి కాబట్టి బియ్యం జారిపోతుంటే ఆగయ్య కొంగు పైకెత్తి ఆపుతున్నాడు.

రెండో దోసిలికి బియ్యం తీసుకుంటూ రాధ మెల్లగా అంది. "ఆయితారమే అడిగింది నిన్ను రమ్మను అని. నేనే ఆగుమన్న."

సంపత్ ఆమె వైపు చూడలేదు.  ఖాళీ దోసిలి మళ్లీ పళ్లెం మీదికి చాచి, ఆమె చేతులు వచ్చి చేరేదాకా కదలకుండా ఉన్నాడు. ఐదుసార్లు పోశారు. ప్రతిసారీ అట్లాగే ఆగాడు.

పోయడం అయ్యాక కొంగు ముడి వేసి నడుముకు చెక్కాలి. ముప్పై ఏళ్లుగా మీటర్ల లెక్కన గుడ్డ కొలిచిన ఆగయ్య చేతులు ఆ రెండు చివర్లనూ పట్టుకుని అట్లాగే ఉండిపోయాయి. ఎప్పుడూ అది రాజవ్వే వేసుకునేది.

"చెల్లె," అన్నాడు, "గీ ముడి ఎట్లేస్తరు?"

రాధ ముందుకు జరిగి, ఒక్క గింజ కింద పడకుండా ముడి వేసింది.